చిన్న పెరట్లో తీగ రోజా: తిరుపతి ఎండలో గోడ నిండా పూయించడం ఎలా

తిరుపతిలో సొంతిల్లు ఉన్నా తోట అనేంత జాగా ఎవరికుంది? గేటు తీయగానే బండి పెట్టుకునే చోటు, కాంపౌండు గోడ వెంట రెండడుగుల మట్టి, అంతే. కొర్లగుంట లాంటి పాత వీధుల్లో అదీ ఉండదు, మిద్దె మీద కుండీలే గతి. ఇలాంటి చోట పొదలా పెరిగే రోజా పెడితే దారికి అడ్డమొచ్చి, వచ్చేపోయేవాళ్ళ చీర కొంగు పట్టుకుంటుంది. తీగ రోజాకి నేల మీద అడుగు చోటు చాలు. మిగతా సంసారమంతా గోడ మీదే.

అయితే తీగ రోజా పెట్టిన ఇళ్ళలో తరచూ వినిపించే ఫిర్యాదులు రెండు. ఒకటి, మొక్క బ్రహ్మాండంగా పెరిగి పక్కింటి మిద్దె ఎక్కింది, పూలు మాత్రం చిటారున నాలుగే; ముళ్ళు మనకు, పూలు వాళ్ళకు. రెండు, మార్చి దాకా పచ్చగా ఉన్న మొక్క కర్తరి ఎండలకి కొసల నుంచి ఎండిపోయింది. మొదటిదానికి కారణం కొమ్మను నిటారుగా పోనివ్వడం. రెండోదానికి చాలాసార్లు కారణం మనం ఎంచుకున్న గోడే. జనం ఎరువులు మారుస్తారు, మందులు కొడతారు, ఈ రెండింటి జోలికి మాత్రం పోరు. అందుకే ఇక్కడ గోడ గురించి, కొమ్మ వంచడం గురించి ఎక్కువ చెబుతాను.

ముందు గోడ చూసుకోండి

రోజాకి రోజూ ఐదారు గంటల ఎండ కావాలి. అది ఏ ఎండ అన్నది మన ఊళ్ళో ముఖ్యం. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు పడమటి వైపు చూసే గోడ మధ్యాహ్నం నుంచి కాగి కాగి, రాత్రి తొమ్మిదింటికి చేయి పెట్టినా వేడిగానే ఉంటుంది. పొద మొక్కకైతే చుట్టూ గాలి ఆడుతుంది. తీగ రోజా ఆ గోడను కరుచుకునే బతకాలి. పగలు వాడిన ఆకు రాత్రి తేరుకోవాలి, ఆ వీలే దానికి దొరకదు.

అన్నిటికన్నా మంచిది తూర్పు ఎండ పడే గోడ. పొద్దున్నుంచి పన్నెండు దాకా ఎండ, తర్వాత నీడ. రెండో ఎంపిక దక్షిణం వైపు చూసే గోడ. దక్షిణం అంటే మండిపోతుందని చాలామంది భయపడతారు కానీ, తిరుపతి చిత్తూరు ప్రాంతంలో సుమారు ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు సగం దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. అంటే సరిగ్గా ఎండలు ముదిరే సమయానికి దక్షిణపు గోడకు నేరుగా ఎండ తగలదు. డిసెంబరు, జనవరుల్లో మాత్రం పొద్దంతా తగులుతుంది, మనకు పూలు కావలసింది కూడా అప్పుడే. ఉత్తరం వైపు చూసే గోడ దీనికి తలకిందులు. చలికాలంలో ఎండ ఉండదు కాబట్టి ఆకులు తప్ప పూలు రావు. దాన్ని వదిలేయండి.

పడమటి గోడ ఒక్కటే ఉందా? దానికి తెల్లటి రంగు వేయించండి, మొక్కను గోడకు తగిలించకుండా అర అడుగు ఎడంగా ఇనుప జాలీ మీద పెంచండి. నన్నడిగితే గోడ మాట మరిచిపోయి గేటు పక్కన ఒక స్తంభానికి చుట్టడం ఇంకా మేలు. బాల్కనీ ఇనుప రెయిలింగు కూడా ఎండకు కాలిపోతుంది, లేత కొమ్మ తగిలిన చోట నల్లగా మాడుతుంది. కొమ్మ ఆనే చోటల్లా కొబ్బరి తాడు చుట్టేస్తే సరిపోతుంది.

అలిపిరి వైపు, కొండ కింద కాలనీల్లో ఉండేవాళ్ళకు ఇంకో టెన్షన్ ఉంది: కోతులు. ముళ్ళున్నాయి కదా రావనుకోవద్దు, మొగ్గలు తుంచడానికి వాటికి ముళ్ళు లెక్క కాదు. కిటికీకో గుమ్మానికో దగ్గరగా, మనిషి అలికిడి ఉండే గోడను ఎంచుకుంటే కొంత నయం.

ఏ మొక్క కొనాలి

నర్సరీకి వెళ్ళి తీగ రోజా కావాలంటే దేన్నైనా ఇచ్చేస్తారు. పన్నెండు, పదిహేను అడుగులు పోయే పెద్ద రకాలూ తీగ రోజాలే, ఏడాదికి ఒక్కసారి పూసి ఊరుకునేవీ తీగ రోజాలే. చిన్న జాగాకు కావలసింది ఆరు నుంచి ఎనిమిది అడుగుల దగ్గర ఆగి, గుత్తులుగా పూసి, ఆరు వారాలకోసారి మళ్ళీ పూతకొచ్చే రకం.

పేర్లు చెప్పమంటే 'కాక్‌టెయిల్' మొదట చెబుతాను. 1957లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన రకం. ఐదు రేకుల ఎర్రటి పువ్వు, నడుమ పసుపు కన్ను. రేకులు తక్కువ కాబట్టి మన ఎండకు మొగ్గలోనే మాడిపోవడం తక్కువ. ఇంగ్లండులో క్రిస్ వార్నర్ పుట్టించిన 'వార్మ్ వెల్కమ్' నారింజ ఎరుపు పూలతో ఏడెనిమిది అడుగులు పోతుంది. చిన్న పెరళ్ళ కోసమే పుట్టినట్టుంటుంది కానీ మన నర్సరీల్లో అడిగి తెప్పించుకోవాలి. తెల్ల పూలు ఇష్టమైతే 'క్లైంబింగ్ ఐస్‌బర్గ్' ఉంది, ముళ్ళు తక్కువ, పూత ఎక్కువ. కాకపోతే అది చిన్నది కాదు. గోడ పొడవుగా ఉండి, కొమ్మల్ని అడ్డంగా పరిచే ఓపిక ఉంటేనే తెచ్చుకోండి. ఇక ఆన్‌లైన్‌లో ఒకే మొక్కకు నీలం, ఏడు రంగుల పూల ఫోటోలు పెట్టి విత్తనాలు అమ్ముతుంటారు. అలాంటి రోజాలు లేవు. ఆ డబ్బుతో రెండు మంచి కుండీలు కొనుక్కోండి.

చీటీ మీద పేరు నమ్మలేం కాబట్టి మొక్కనే చదవాలి. డిసెంబరు, జనవరుల్లో, పూత మీద ఉన్నప్పుడు కొనండి. కొత్తగా వచ్చిన ఎర్రటి లేత కొమ్మ చివర మొగ్గ ఉందా అని చూడండి. ఉంటే అది మళ్ళీ మళ్ళీ పూసే రకం. ఏడాదికి ఒకసారి పూసేవి పాత కొమ్మల మీదే మొగ్గ తొడుగుతాయి. తర్వాత అంటు చూడండి. కాండం మొదట్లో కాస్త ఉబ్బుగా ఉన్న చోటే అంటు కట్టిన చోటు. దాని పై నుంచి కనీసం రెండు మూడు గట్టి కొమ్మలు లేచి ఉండాలి. ఒకే కొమ్మ పొడుగ్గా ఉన్న మొక్క చూడ్డానికి బాగుంటుంది, పెంచడానికి కాదు.

మన నర్సరీలకు రోజాలు ఎక్కువగా కడియం నుంచో, బెంగళూరు, హోసూరు వైపు నుంచో వస్తాయి. చల్లటి ఊరి మొక్కను తెచ్చిన రోజే పూర్తి ఎండలో నాటితే ఆకంతా రాల్చేస్తుంది. వారం రోజులు కవరులోనే ఉంచి, పొద్దుటి ఎండ మాత్రం తగిలేలా పెట్టండి. కొన్నిటి వేళ్ళ చుట్టూ గట్టి మట్టి ముద్ద ఉంటుంది. దాన్ని అలాగే పాతిపెడితే ఎండిన ముద్దలోకి నీళ్ళు దిగవు, వేళ్ళు బయటికి రావు. నాటే ముందు ముద్దను అరగంట బకెట్ నీళ్ళలో నానబెట్టి, పై పొరను వేళ్ళతో మెల్లగా వదులు చేయండి. పూర్తిగా విడగొట్టొద్దు.

ఎప్పుడు నాటాలి

డిసెంబరు రెండో వారం నుంచి జనవరి చివరి దాకా. మనకు పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లో పడతాయి. అవి తగ్గాక నాటితే మొక్క కుళ్ళదు, ఎండలు వచ్చేలోపు మూడు నెలలు వేరు పట్టే వ్యవధి దొరుకుతుంది. అది దాటిపోతే ఆగస్టు ఫర్వాలేదు. మార్చి తర్వాత కొన్నా కుండీలోనే నీడ చూసి ఉంచండి, నేలలో పెట్టొద్దు.

గుంత, కుండీ

నాటడానికి ముందే గోడకు వైర్లు కట్టించేయాలి. మొక్క పెరిగాక ముళ్ళ మధ్య డ్రిల్లింగ్ పెట్టించడం ఎవరి వల్లా కాదు. నేల నుంచి అడుగున్నర ఎత్తులో మొదటి వరుస, అక్కడి నుంచి అడుగుకో వరుస చొప్పున నాలుగైదు వరుసలు చాలు. గోడలో ప్లాస్టిక్ ప్లగ్గు దించి, మూడు అంగుళాలు బయటికి ఉండే గుండ్రని హుక్కులు బిగించి, వాటిలోంచి జీఐ వైరు (తుప్పు పట్టకుండా పూత వేసిన ఇనుప తీగ) బిగువుగా లాగాలి. ఆ మూడు అంగుళాల ఖాళీ గాలి కోసం. అద్దె ఇల్లయితే గోడకు చిల్లులు పెట్టకుండా పెద్ద కుండీలోనే మూడు వెదురు బొంగులు పాతి పైన ముడి వేయండి.

గుంత గోడకు అడుగు నుంచి అడుగున్నర దూరంలో తీయండి. మరీ గోడ మొదట్లో పెడితే వాన నీళ్ళు వేరుకు అందవు, పునాది వేడి తగులుతుంది. పొడవు, వెడల్పు, లోతు అన్నీ అడుగున్నర. ఇక్కడ ఒక సంగతి చూసుకోవాలి. కాంపౌండు గోడ పక్కన పైపైన ఎర్రమట్టి కనిపిస్తుంది కానీ, తవ్వితే అర అడుగు కింద ఇల్లు కట్టినప్పటి సిమెంటు పెళ్ళలు, ఇటుక ముక్కలు, కంకర బయటపడతాయి. సిమెంటులోని సున్నం రోజాకి పడదు. ఆ చెత్తనంతా తీసి పారేసి కొత్త మట్టితో నింపండి: ఎర్రమట్టి రెండు పాళ్ళు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుక అర పాలు, రెండు గుప్పెళ్ళ వేపపిండి. ఎరువు మాగిందో లేదో ముక్కే చెబుతుంది. పేడ వాసన వస్తే ఇంకా పచ్చిదే, దానివెంట వేరు పురుగులు, చెదలు వస్తాయి.

నింపే ముందు ఖాళీ గుంతలో ఒక బకెట్ నీళ్ళు పోసి చూడండి. రెండు గంటలకీ ఇంకకపోతే నవంబరు వానలకి వేరు కుళ్ళడం ఖాయం. అప్పుడు గుంత లోతు పెంచడం కాదు, ఇటుకలు పేర్చి మట్టిని అడుగు ఎత్తు చేయండి.

మొక్కను గోడ వైపుకు కాస్త వాలుగా పెట్టి నాటండి. అంటు కట్టిన చోటు మట్టికి రెండు అంగుళాలు పైన ఉండాలి. చల్లటి దేశాల పుస్తకాల్లో, వీడియోల్లో అంటును పూడ్చమంటారు. అది గడ్డకట్టే మంచు నుంచి కాపాడుకోవడానికి. మనకు ఆ బెడద లేదు, పూడిస్తే వానాకాలంలో కుళ్ళుతుంది.

కుండీలో అయితే పద్దెనిమిది అంగుళాలకు తక్కువ వద్దు. పలమనేరు మట్టి కుండీలు దొరికితే అవే మంచివి. వేరు చల్లగా ఉంటుంది, కాకపోతే తొందరగా ఆరిపోతాయి కాబట్టి వేసవిలో రెండు పూటలా నీళ్ళు పోయాలి. నల్ల ప్లాస్టిక్ కుండీ ఎండలో పెడితే లోపల వేరు ఉడికిపోతుంది. గ్రో బ్యాగ్ అయితే లేత రంగుది తీసుకోండి. తడిసిన మట్టితో ఈ సైజు కుండీ వంద కిలోలకు అటూ ఇటూ తూగుతుంది. బాల్కనీ అంచున కాకుండా గోడ పక్కనే పెట్టండి, కింద రెండు ఇటుకలు ఉంచి నీళ్ళు బయటికి పోయే దారి చూడండి.

కొమ్మను వంచడం

పని అంతా ఇక్కడే ఉంది.

మల్లె తీగ చుట్టుకుంటుంది, కాకర తీగ నులితీగలతో పట్టుకుంటుంది. రోజాకి ఆ రెండూ చేతకావు. పొడవైన కొమ్మల్ని మనమే కట్టాలి. కొమ్మ నిటారుగా ఉన్నంతసేపు దాని చిటారు మొగ్గే పెత్తనం చేస్తుంది. అక్కడ తయారయ్యే హార్మోను కిందికి దిగి, కింది కణుపుల్లో ఉన్న కళ్ళను మొలవనివ్వదు. కొమ్మను పక్కకు వంచి పడుకోబెడితే ఆ పెత్తనం సడలుతుంది, కొమ్మ పొడవునా కళ్ళు విచ్చుకుంటాయి. ప్రతి కన్ను నుంచి జానెడు రెమ్మ, ప్రతి రెమ్మ చివర ఒక గుత్తి. ఐదడుగుల కొమ్మ నిలబడితే ఒక గుత్తి ఇస్తుంది, పడుకుంటే పది ఇస్తుంది.

మొదటి ఏడాది కొమ్మల్ని కత్తిరించకండి. అంటు దగ్గర నుంచి లేచే బలమైన కొత్త కొమ్మలు మూడడుగులు దాటగానే పని మొదలుపెట్టాలి. అప్పటికి అవి పచ్చగా, వంగే గుణంతో ఉంటాయి. ముదిరి గోధుమరంగుకు తిరిగాక వంచితే ఫట్‌మని విరుగుతాయి. ముందు రోజు సాయంత్రం నీళ్ళు బాగా పోయండి. మరునాడు మధ్యాహ్నం దాటాక, కొమ్మ కాస్త మెత్తబడి ఉన్నప్పుడు, మందపాటి చేతి తొడుగులు వేసుకుని, ఒక చేత్తో మొదలు పట్టుకుని రెండో చేత్తో కొసను నెమ్మదిగా పక్కకు తీసుకెళ్ళండి. ఒకేసారి అడ్డంగా పడుకోబెట్టాలని చూడొద్దు. మొదట ఏటవాలుగా కట్టి వదిలేయండి, వారం తర్వాత ఇంకాస్త, ఆ పై వారం ఇంకాస్త దించండి. వంచేటప్పుడు చిటపట చప్పుడు వినిపిస్తే అక్కడే ఆగిపోండి.

కట్టడానికి బైండింగ్ వైరు వాడొద్దు. కొమ్మ లావయ్యేకొద్దీ లోపలికి కోసుకుపోతుంది. పాత నూలు చీరనో పంచెనో వేలెడు వెడల్పు పట్టీలుగా చింపుకుంటే అంతకన్నా మంచి తాడు లేదు. పట్టీని ముందు వైరుకు ఒక చుట్టు చుట్టి, మధ్యలో ఒక మెలిక వేసి, తర్వాత కొమ్మకు వదులుగా ముడి వేయాలి. ముడిలో చిటికెన వేలు దూరేంత ఖాళీ ఉండాలి. కొమ్మను వైరుకు ముందు వైపే ఉంచండి, వెనక నుంచి దూర్చి అల్లొద్దు. గ్రిల్లు సందుల్లోంచి అల్లిన కొమ్మను తర్వాత తీయాలంటే ముక్కలు చేయాల్సిందే.

కొమ్మల్ని రెండు వైపులా విసనకర్రలా పరచండి, ఒక్కో వైరు మీద ఒక్కో కొమ్మ. స్తంభానికైతే పాములా చుట్టండి. చుట్టు ఎంత పడుకుంటే అంత పూత. వంచిన రెండు వారాలకు కొమ్మ పై అంచు వెంట చూస్తే, ప్రతి ఆకు తొడిమ మొదట్లో జొన్నగింజంత ఎర్రటి మొలక ఉబ్బి కనిపిస్తుంది. అది కనిపించిందంటే మీ కట్టు సరిగ్గా కుదిరినట్టే. కొన్ని చోట్ల కళ్ళు మొలవకపోతే ఆ భాగం ఇంకా పైకి ఎక్కుతూ ఉందేమో చూసి కిందికి సర్దండి.

అంటు కింద నుంచి, లేదా మట్టిలోంచి ఒక రెమ్మ అందరికన్నా జోరుగా లేస్తే సంబరపడకండి. అది మన రోజాను అంటు కట్టడానికి అడుగున వాడిన నాటు మొక్కది. ఆకులో ఏడు చిట్టి ఆకులుంటే నాటుదని చెబుతారు కానీ కొన్ని తీగ రకాలకీ ఏడు ఉంటాయి. ఆకు లెక్క కన్నా అది ఎక్కడ పుట్టిందో మట్టి తీసి చూడటం నయం. అంటు కింద పుట్టిందైతే మొదలంటా పట్టి లాగి పీకేయండి. కత్తెరతో కోస్తే ఒకటికి రెండు లేస్తాయి.

నీళ్ళు, ఎరువు

నేలలో ఉన్న మొక్కకు చలికాలంలో మూడు నాలుగు రోజులకోసారి, ఎండాకాలంలో రోజు విడిచి రోజు, ఒక్కోసారి ఒకటిన్నర బకెట్ పోయండి. రోజూ చెంబెడు పోస్తే వేళ్ళు పైపైనే తిరిగి మే నెలలో ఉడికిపోతాయి. కుండీలకు రోజూ తప్పదు. నీళ్ళు పొద్దున్నే, మొదట్లోనే.

బోరు నీళ్ళలో ఉప్పు, సున్నం ఎక్కువ ఉన్న ఇళ్ళలో కుండీ అంచున తెల్లటి పొర కడుతుంది. కొన్నాళ్ళకు లేత ఆకు పసుపు తిరిగి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి. ఇనుము అందడం లేదన్నమాట. లీటరు నీళ్ళలో 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం ఆకుల మీద కొట్టండి, వారం తర్వాత ఇంకోసారి. నెలకోసారి కుండీలో నీళ్ళు కింది నుంచి ధారగా కారేంత పోసి ఉప్పు కడిగేయండి. ఏసీ నుంచి కారే నీళ్ళు పట్టి పోస్తే రోజాకి హాయి. ఆర్వో మిషన్ వదిలేసే నీళ్ళు మాత్రం పోయకండి, బోరులో ఉన్న ఉప్పంతా చిక్కబడి ఉండేది అందులోనే. గుడ్డు పెంకుల పొడి కూడా మన నీళ్ళకు దండగ. సున్నం ఇప్పటికే చాలినంత ఉంది.

ఎరువు సంగతి సులువు. శెనక్కాయలు పండే జిల్లాలో ఉండి వేరే ఊరి ఎరువుల పొట్లాలు కొనడం ఎందుకు? గానుగ దగ్గర వేరుశనగ చెక్క తెచ్చి, గుప్పెడు చెక్కను రెండు లీటర్ల నీళ్ళలో మూడు రోజులు నానబెట్టి, వడకట్టి, పది రెట్లు నీళ్ళు కలిపి పదిహేను రోజులకోసారి పోయండి. వాసన భరించాలి, మూత పెట్టండి. పచ్చి చెక్కను నేరుగా మట్టిలో కలిపితే చీమలు, ఎలుకలు తవ్విపోస్తాయి. నెలకోసారి రెండు గుప్పెళ్ళ వర్మీకంపోస్టు. ఏప్రిల్ సగం నుంచి జూన్ దాకా ఎరువులన్నీ బంద్.

శెనక్కాయ పొట్టు ఇంకో వరం. మొక్క మొదట్లో రెండు అంగుళాల మందం పరిస్తే మట్టి చల్లగా ఉంటుంది. కాండానికి తగలకుండా నాలుగు వేళ్ళ ఎడం వదలండి, చెదలు రాకుండా కాస్త వేపపిండి చల్లండి. చిత్తూరు వైపు చెరకు ఆకు సులువుగా దొరుకుతుంది, అదీ బాగా పనిచేస్తుంది.

కర్తరి దాటించడం

మే మొదటి వారం నుంచి నెలాఖరు దాకా మొక్కకు పూలు పూసే పని లేదు, బతకడమే పని. ఏప్రిల్ చివరికే మధ్యాహ్నపు ఎండ ఆపేలా 50 శాతం నీడనిచ్చే గ్రీన్ నెట్ కట్టండి. గోడకు ఆనించకుండా పైన పందిరిలా వేస్తే గాలి ఆడుతుంది. చిన్న మొగ్గలు వస్తే గిల్లేయండి. కొమ్మలు కత్తిరించొద్దు, ఆకులు కాండానికి నీడ. ఆకు అడుగున సన్నని బూడిదరంగు చుక్కలు, పలచటి గూడు కనిపిస్తే ఎర్ర నల్లి. తెల్ల కాగితం మీద ఆకును తట్టి చూడండి, చుక్కలు కదిలితే అదే. పొద్దున్నే పైపుతో ఆకుల అడుగు భాగానికి జోరుగా నీళ్ళు కొడితే చాలావరకు పోతుంది. ఆ ఎండల్లో వేపనూనె, గంధకం కొడితే ఆకు మాడుతుంది.

మిగతా చీడల గురించి క్లుప్తంగా: చలికాలం మంచుకు లేత ఆకుల మీద తెల్ల బూడిద పడితే లీటరుకు 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం. పేనుబంకకి లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు నీళ్ళు. వీటి మధ్య కనీసం మూడు వారాల ఎడం ఉండాలి. నల్ల మచ్చలున్న ఆకులు వానల్లో ఏరి పారేయండి, కింద రాలినవాటితో సహా. ఆకు అంచున పదునైన కత్తెరతో కోసినట్టు అర్ధచంద్రాకారపు ముక్కలు పోతే అది ఆకులు కత్తిరించే తేనెటీగ పని. గూడు కట్టుకోవడానికి తీసుకెళుతుంది, మొక్కకేం కాదు. దానికోసం మందు కొట్టకండి.

పూలు కోయడం, కొమ్మలు కత్తిరించడం

చేత్తో లాగి పువ్వు తెంపితే తొడిమ అక్కడే ఉండిపోయి, ఎండి, ఆ ఎండు కిందికి పాకుతుంది. పూజకైనా తలలోకైనా కత్తెరతో కోయండి. గుత్తి వాడాక ఐదు చిట్టి ఆకులున్న మొదటి ఆకు పైన కోస్తే, ఆ కన్ను నుంచి ఆరు వారాల్లో మళ్ళీ పూత. ఈ రకాల పూలు చిన్నవి, తొడిమ సన్నం, కూజాలో నిలబడవు. మాలలో కనకాంబరాల మధ్య కుచ్చడానికి, గుత్తిగా జడలో పెట్టుకోవడానికి బాగుంటాయి. తిరుమల కొండకు వెళ్ళే రోజు మాత్రం తలలో పూలు పెట్టుకోరు కదా, ఆ పూట దేవుడి పటానికి.

పెద్ద కత్తిరింపు ఏడాదికి ఒకసారే, అదీ రెండో ఏడు దాటాకే. చాలా చోట్ల అక్టోబరులో చేయమంటారు. మనకు అప్పుడు వానలు, కోసిన చోట తడి దిగి కొమ్మ నల్లగా ఎండుతూ వస్తుంది. వానలు తగ్గాక, డిసెంబరు మొదటి వారం మంచిది. అప్పుడు కోస్తే సుమారు నలభై ఐదు రోజులకు, అంటే సంక్రాంతి వెళ్తూనే పూత అందుకుని రథసప్తమి నాటికి గోడ నిండుతుంది.

పొడవైన ప్రధాన కొమ్మల జోలికి పోవద్దు. వాటి మీద పూసిన పక్క రెమ్మల్ని మాత్రం రెండు మూడు కళ్ళు ఉంచి పొట్టిగా కోయండి. కొసల నుంచి నల్లబడ్డవి ఉంటే, కోసిన చోట లోపలి బెండు తెల్లగా కనిపించేదాకా వెనక్కి రండి. గోధుమరంగు కనిపిస్తే ఇంకా లోపలికి పోవాలి. ఒక్కో కోతకు ముందు కత్తెరను స్పిరిట్‌తో తుడవండి, కోసిన మొనలకు కాపర్ ఆక్సీక్లోరైడు పొడిని నీళ్ళతో ముద్దగా కలిపి పూయండి. మూడో ఏటి నుంచి, అడుగున కొత్త కొమ్మ ఒకటి బలంగా లేచిందంటే, అన్నిటికన్నా పాతదాన్ని మొదలంటా తీసేసి, ఆ వైరు మీద కొత్తదాన్ని వంచి కట్టండి. కొత్తది లేవని ఏడాది పాతదాన్ని తీయకండి. పక్కింటి వైపు తొంగిచూసే కొమ్మల్ని వానలు మొదలయ్యే ముందే, పచ్చిగా ఉన్నప్పుడే ఇటు లాగి కట్టేయాలి.

కోసిన ముళ్ళ కొమ్మల్ని తడి చెత్తలో కలిపేయకండి. పొద్దున్నే బండితో వచ్చేవాళ్ళు చెత్తను చేత్తోనే వేరు చేస్తారు. జానెడు ముక్కలుగా కోసి, పాత పేపర్లలో మందంగా చుట్టి, తాడుతో కట్టి, లోపల ముళ్ళున్నాయని వాళ్ళకు చెప్పి చేతికివ్వండి.